ఎండిన చప్పుడు

ఖాజామియా అడితిల కాంటా అబద్ధమాడదు.
కానీ దానికి కట్టె ఏదో నీళ్ళేవో తెలవదు.
పొద్దున కొట్టి తెచ్చిన తుమ్మమొద్దుల
సగానికి దగ్గర నీళ్ళే తూగుతయి.
"నీళ్ళకెందుకియ్యాలె పైసలు?" అంటే
గడ్డం గోక్కుంట నవ్విండు:
"మర్రిగూడ దిక్కుదానివి,
నీళ్ళు కొనుడు నీకు కొత్తనా అక్కా?"

కొత్త కాదు.
ఇరవై లీటర్ల క్యాన్లు దింపి పోయే ఆటో హారనే
మా వాడకు కోడికూత.
అండాలు వదిన దగ్గరికి ఆ ఆటో
ముప్పై ఏండ్లు ఆలస్యంగ వచ్చింది.
బోరింగు నీళ్ళు తియ్యగున్నయని
చిన్నప్పుడు దోసిట్ల పట్టుకొని తాగిందట.
ఆ తీపి ఇప్పుడు మెడల గడ్డకట్టింది,
నడుముల, మోకాళ్ళల్ల.
తల తిప్పాలంటే మనిషంతా తిరగాలె.
కార్తీకం దాటినంక చలి
ఆమె కీళ్ళల్లకు దూరి
లోపలినుంచి గొళ్ళెం పెట్టుకుంటది.

అందుకే వైశాఖంలనే కొంట.
మంట మాటెత్తితే జనం తిట్టే కాలం,
ధర కొంచెం మెత్తగుంటది.
లచ్చిరాం వచ్చి నిలువున చీరుస్తడు.
మొద్దు మొద్దుగ ఉంటే లోపలి తడి బయటికి రాదు,
మనిషైనా అంతే, అని ఏదో చెప్పబోతడు.
ముందు కూలి మాట్లాడు, అంట నేను.

గోడకు జానెడు ఎడం,
అడుగున నాపబండలు, చెదలు ఎక్కకుంట.
బెరడు మీదికి.
ఒక వరుస అడ్డం, ఒక వరుస నిలువు,
పిల్లి దూరకున్నా గాలి దూరాలె.
కప్పుతందుకు
ఓడిపోయిన సర్పంచి ఫ్లెక్సీ ఉంది.
నాలుగు నెలలు వానల తడుసుకుంట
మా కట్టెలకు దండం పెట్టుకుంట నిలబడ్డడు పాపం.
గెలిచినాయన ఒక్కపూట నిలబడలే.

ఉత్తర కార్తెల ఒక రాత్రి గాలి
ఆయన్నీ ఎత్తుకపోయింది.
తెల్లారి పై వరుస మొత్తం దించి ఆరబెట్టిన.
మూడో కట్టె కింద తల్లితేలు,
వీపు మీద పిల్లలు, తెల్లగ, బియ్యపు నూకల లెక్క.
కట్టె మెల్లగ దింపి
ఆ మూల ఇంకో వారం ముట్టలేదు.

దసరా పోయినంక పరీక్ష.
వదిన గడపకాడ పీటేసుకుంటది.
వంగి చూసుడు ఎట్లా కాదు,
కండ్లు మూసుకుంటది.
నేను రెండు కట్టెలు తీసి ఒకదానికొకటి కొడత.
దప్ మంటే
"పక్కకు పెట్టు. ఇంకా పాలు తాగుతుందది."
టంగుమంటే
"ఇది పుష్యానికి."
రెంటికీ నడుమ పలికితే కొద్దిసేపు ఆగుతది:
"కొసలెండినయి, కడుపు ఎండలే. మోసం చేస్తది."
ఇరవై ఏండ్లు మగ్గం గుంతల కూసున్న చెవులు.
నాడె ఉరికే చప్పుడులనే
తెగిన పోగును పట్టేది.

పచ్చిది పెడితే పొయ్యిల ఏడుస్తది,
కొసలకు నురుగు కక్కి
ఇల్లంత కండ్లల్ల కారం కొడతది.
ఎండింది మారు మాటాడకుంట అంటుకుంటది.
కాగుల నీళ్ళు మసులుతయి.
నిప్పులు కుంపట్లకెత్తి మంచం పక్కన పెడత,
కిటికీ రెండేళ్ళ సందు తెరిసి ఉంచుత.
ఉడుకుగుడ్డ మెడకు చుట్టి కూసుంటే
కొంచెంసేపటికి
వదిన తల నా దిక్కు
వేలెడంత తిరుగుతది.
క్వింటలుకు ఆరువందలు పోసి
ఏడాదంత కాపలా కాసి
నేను కొనుక్కునేది ఆ వేలెడే.

నిన్న తెల్లారగట్ల
నిప్పు ఊది, లేవబోయిన.
లోపలి అర్రల నుంచి వదిన గొంతు:
"ఎండిందే అది, మంచిగెండింది.
పొయ్యిల పెట్టు."

నా చేతులల్ల కట్టె లేదు.
మోకాలు పట్టుకొని
పొయ్యికాడ అట్లనే నిలబడ్డ.
"పెడుతున్న వదినా" అన్న.